మాయ పడేదాకా

పాప ఊపిరి తీసినప్పుడల్లా దుప్పటి అంచు కాస్త లేచి దిగుతోంది. వసుమతి ఆ అంచునే చూస్తోంది, తలుపు వైపు చూడకూడదని గట్టిగా అనుకుంది గనక. తలుపు అవతల పొడవాటి వరండా, దాని చివర ఆపరేషన్ గది, అందులో కోడలు ప్రణవి. పాప పుట్టింది, ఏడ్చింది, తల్లి గుండెల మీద కాసేపు పడుకుంది, అందరూ నవ్వారు, నిశాంత్ అయితే నవ్వుతూనే ఏడ్చాడు, కాని బిడ్డ వెనకే రావాల్సిన మాయ పడలేదు. డాక్టర్ అదితి పొట్ట మీద చెయ్యి వేసి నొక్కి చూసింది, మందు ఎక్కించింది, బొడ్డుతాడును మెల్లగా లాగింది, ఆగింది, మళ్ళీ లాగింది, ఆ డాక్టరమ్మాయి ముఖంలో నవ్వు ఎప్పుడు ఆరిపోయిందో వసుమతికి స్పష్టంగా కనబడింది. తెల్లటి పక్కబట్ట ఎర్రబడుతూ పోవడమూ కనబడింది. ఆ తర్వాత అంతా ఇంగ్లీషు, అంతా వేగం, ఆ మంచానికి చక్రాలున్నాయని అప్పుడే తెలిసింది. పాపను చుట్టి వసుమతి చేతుల్లో పెట్టి మంచాన్ని తోసుకుపోయారు, వెనకాలే నిశాంత్ పరుగున వెళ్ళాడు. గదిలో మిగిలింది నాయనమ్మ, మనవరాలు, గోడ పక్కన కంప్యూటర్ ముందు నిలబడ్డ నర్సు మారిసెల్. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. బయట ఎవరో కారు హారన్ కొట్టారు, లోకానికి ఏమీ పట్టనట్టు.

అతుక్కుపోయింది. ఆ ఒక్క మాట వసుమతి చెవిలో తిరుగుతోంది. "చేత్తో తీయాలి, నిశాంత్. ఇంకా డీప్‌గా స్టిక్ అయితే..." అంటూ అదితి మిగతాది ఇంగ్లీషులోకి మార్చేసింది, పెద్దావిడకు అర్థం కాకూడదని కాబోలు. కాని ఇన్నేళ్ళు బడిలో పిల్లల ముఖాలు చదివిన మనిషికి కొడుకు ముఖం చదవడం ఎంతసేపు? రక్తం ఆగకపోతే గర్భసంచి తీసేయాలి. అది ఒక అర్థం. దాని వెనక ఇంకో అర్థం కూడా నిలబడి ఉంది, వసుమతి మనసు దాని దాకా వెళ్ళి వెనక్కి వస్తోంది. మాయ అంత గట్టిగా ఎందుకు పట్టుకున్నట్టు? పోయినసారి పట్టు చాలక బిడ్డ పోయింది, ఈసారి పట్టు ఎక్కువై తల్లి... ఉహూఁ, ఆ వాక్యం పూర్తి చెయ్యకూడదు. పాప ముక్కు చూడు, నిశాంత్ ముక్కే. చెవులు మాత్రం వాళ్ళమ్మవి. ఇన్నాళ్ళూ ఇంటిల్లిపాదీ పట్టుకో, పట్టుకో అని మొక్కుకున్నారు, పని అయ్యాక వదిలెయ్యమని చెప్పడం మరిచిపోయారు. మరి దానికి అంత బలం ఎవరిచ్చారు? నడువు, నడువు అని వెంటపడి నడిపించింది ఎవరు?

చోడవరం బాలికల హైస్కూల్లో వసుమతి డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయింది. ఖోఖో ఆడే పిల్లలకు ఆవిడ చెప్పిన పాఠం ఎప్పుడూ ఒకటే: ఒళ్ళు ఊరికే బలపడదు, పని చెప్పాలి, పని చెప్పాక అన్నం పెట్టి నిద్రపుచ్చాలి. ఎండలో, ఈల మెడలో వేసుకుని, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, నిశాంత్ కడుపులో ఉన్నప్పుడు కూడా గ్రౌండు చుట్టూ తిరుగుతూ అదే చెప్పింది. కాని కండకు వర్తించేది మాయకూ వర్తిస్తుందా? స్టాఫ్ రూము గోడ మీది శరీర శాస్త్రం పటంలో గుండె ఉండేది, ఊపిరితిత్తులు ఉండేవి, కాలేయం, మూత్రపిండాలు, చుట్టలు చుట్టుకున్న పేగులు, అన్నీ ఉండేవి. మాయ ఉండేది కాదు. ఆ పటంలో నిలబడ్డది మగమనిషి మరి. నిశాంత్‌ను కన్న రోజున అనకాపల్లి నర్సింగ్ హోములో ఆయా స్టీలు బేసిన్ మీద పాత పేపరు కప్పి పట్టుకుపోతుంటే, ఏమిటే అది అని అడిగింది. "మాయమ్మా, సూడకూడదు" అంది ఆయా, నడక ఆపకుండానే. అంతే, తన కడుపులో తొమ్మిది నెలలు పనిచేసినదాన్ని పేపరు కిందే చూసింది. ఆ పేపరు మీద ఏదో నగల కొట్టు ప్రకటన ఉన్నట్టు గుర్తు. గుర్తుండాల్సినవి పోయి ఇలాంటివి ఎందుకు మిగులుతాయో.

మారిసెల్ వచ్చి పాప అరికాలు తాకి చూసింది. "వార్మ్. గుడ్, గుడ్ గ్రాండ్‌మా" అంది. వసుమతి తల ఊపింది. "మై డాటర్ ఇన్ లా?" అని అడిగింది. మారిసెల్ వసుమతి భుజం మీద చెయ్యి వేసి, "దే ఆర్ వర్కింగ్" అంది. పని చేస్తున్నారు. మంచి మాటే. పనిచేసేవాళ్ళ మీద వసుమతికి ఎప్పుడూ నమ్మకమే.

పని అంటే భయపడి కూర్చున్న ప్రణవిని చూసింది తను, ఈ దేశంలో దిగిన రోజున. అప్పటికి ఆ అమ్మాయికి నాలుగో నెల. సోఫాలో దిండ్ల మధ్య కూర్చుని, ఇంకో దిండు మీద లాప్‌టాప్ పెట్టుకుని ఆఫీసు పని చేసేది, బాత్రూముకి లేచినా గోడ పట్టుకుని నడిచేది, మంచినీళ్ళ సీసా కూడా నిశాంతే అందించాలి. డాక్టరు చెప్పిన విశ్రాంతి కాదది, తనకు తాను వేసుకున్న శిక్ష. రెండేళ్ళ కింద, పోయినసారి ఆరో నెలలో స్కాన్ చూసి బిడ్డ ఎదగడం ఆగిందన్నారు, మాయ చిన్నదిగా ఉండిపోయింది, చాలినంత అందించలేకపోతోంది అన్నారు, తర్వాత కొన్నాళ్ళకు గుండె చప్పుడు వినబడలేదు. దానికి వారం ముందు ప్రణవి ట్రైన్ తప్పిపోతుందని స్టేషన్ మెట్ల మీద పరిగెత్తింది. వరంగల్ నుంచి తల్లి ఉమామహేశ్వరి ఫోనులో ఏడుస్తూ, "ఎందుకు ఉరికినవ్ బిడ్డా" అంది. నింద కాదది, కడుపుకోత. కాని ఆ మాట కూతురి ఒంట్లో ముల్లులా దిగిపోయింది. పరిగెత్తడానికీ దీనికీ సంబంధం లేదని అదితి ఇంగ్లీషులో ఎన్నిసార్లు చెప్పినా ఆ ఒక్క తెలుగు ప్రశ్న చెరగలేదు. తన ఒళ్ళే తన బిడ్డకు అన్నం పెట్టలేకపోయిందని ఒక ఆడపిల్ల నమ్మేస్తే, ఆ పిల్లకు ఏం చెప్పాలి? ఓడిపోయిన జట్టుకు ఏం చెప్పాలో వసుమతికి తెలుసు. దీనికి తెలియలేదు. అందుకని వారం రోజులు ఏమీ చెప్పకుండా పప్పుచారు పెట్టి, గోంగూర వండి, పక్కన కూర్చుంది.

ఆ తర్వాత క్లినిక్‌కి తీసుకెళ్ళినప్పుడు అడిగింది, అదితినే. అదితి ఇక్కడే ఎడిసన్ అనే ఊళ్ళో పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు ఇంట్లో నేర్చుకున్నది, మర్యాదలు మధ్యలో జారిపోతుంటాయి. స్క్రీన్ మీద బూడిదరంగు ముద్ద ఒకదాన్ని వేలితో చూపించి, "ఆంటీ, ఇది చూడు... సారీ, చూడండి. ఇది ప్లాసెంటా" అంది.

"మేం మాయ అంటాం" అంది వసుమతి.

"మాయ? లైక్, మ్యాజిక్?"

"ఆ మాయ వేరేనమ్మా. దీన్ని మావి అని కూడా అంటారు."

"నో, మాయ బెటర్" అంది అదితి, కళ్ళు స్క్రీన్ మీదే పెట్టి. "బేబీ బ్లడ్ ఇటు. మామ్ బ్లడ్ అటు. రెండూ టచ్ అవ్వవు ఆంటీ. మధ్యలో చాలా థిన్ వాల్. కానీ ఆక్సిజన్, షుగర్, అన్నీ వెళ్తాయి. బేబీకి లంగ్స్ అదే. కిడ్నీస్ అదే. నాకు డైలీ చూసినా బోర్ రాదు."

అప్పుడే ఏదో మీట నొక్కితే ఆ బూడిదరంగులో ఎరుపూ నీలమూ పారాయి, ఎక్కడో పెద్ద వాన మొదలైనట్టు చప్పుడు వచ్చింది. పడుకుని ఉన్న ప్రణవి మాత్రం కళ్ళు మూసుకుంది, మళ్ళీ ఏం వినాల్సొస్తుందోనని. నడిస్తే దానికి చెరుపా అని వసుమతి అడిగిన మాటకు అదితి కుర్చీ ఇటు తిప్పుకుని, ప్రణవికి కూడా వినబడేలా చెప్పింది. నడిచేటప్పుడు నెత్తురు కాళ్ళకు ఎక్కువ వెళ్ళి గర్భసంచికి కొంచెం తగ్గుతుందట. మాయ ఆ కొరతను గమనిస్తుందట. రోజూ మితంగా అలా జరుగుతుంటే ఇంకొన్ని రక్తనాళాలు వేసుకుంటుంది, ఇంకొన్ని కొమ్మలు చీలుతుంది, ఎక్కువ అందించడం నేర్చుకుంటుంది. "స్టడీస్‌లో అలా చూశారు. ప్రతి మామ్‌కీ అలానే అవుతుంది అని నేను ప్రామిస్ చెయ్యను. కానీ ప్రణవీ, నీ బీపీ బాగుంది, బ్లీడింగ్ లేదు, ప్లాసెంటా పైన ఉంది. నువ్వు నడవచ్చు. నడిస్తే మంచిది." కాస్త కరువు చూపిస్తే ఇంకో కాలువ తవ్వుకుంటుందన్నమాట, అనుకుంది వసుమతి. చూపు లేదు, చెవి లేదు, ఎవరూ ఈల ఊది నేర్పలేదు, కాని బిడ్డకు తక్కువైందని తెలిసిపోతుంది, ఫిర్యాదు చెయ్యకుండా పనిలోకి దిగుతుంది. ఇంటికొచ్చే దారంతా ఆవిడకు అదే ఆశ్చర్యం.

మొదటి రోజు లిఫ్ట్‌లో కిందికి దిగి లాబీలో సోఫా దాకా, మళ్ళీ వెనక్కి. అంతే ప్రయాణం. ప్రణవి వేళ్ళు వసుమతి మణికట్టును పట్టుకుని చెమటతో జారిపోతున్నాయి. "నాకు భయమైతుంది అత్తమ్మా" అంది. "భయపడుతూనే నడు, ఎవరొద్దన్నారు?" అంది తను. ఆ తర్వాత మూల మీది మందుల షాపు దాకా, ఆ తర్వాత నది ఒడ్డు దాకా. హడ్సన్ మీది గాలి ముఖాన కొడుతుంటే, అవతలి గట్టున మాన్‌హట్టన్ మేడల వెనక తెల్లారుతుంటే, కుక్కల్ని పట్టుకున్నవాళ్ళూ చెవుల్లో ఏవో పెట్టుకుని పరిగెత్తేవాళ్ళూ పక్కనుంచి దూసుకుపోతుంటే, వీళ్ళిద్దరూ నడక. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అంత వేగం సరిపోతుందని అదితి చెప్పింది. అందుకని మాట్లాడటం డాక్టరు రాసిన మందైపోయింది. వసుమతి తన ఖోఖో పిల్లల కబుర్లు చెప్పింది, పైడితల్లి అనే పిల్ల ఫైనల్లో పంజాబీ డ్రస్సు చిరిగినా ఆగకుండా ఆడిన సంగతి చెప్పింది, ప్రణవి తన ఆఫీసులో మేనేజర్ ఎలా మాట్లాడతాడో అనుకరించి చూపించింది. కబుర్లు అయిపోయాక ఒక పొద్దున, మంచు మొదలవబోయే రోజుల్లో, ముందుకే చూస్తూ నడుస్తూ, "పోయినదానికి పేరు కూడ పెట్టుకున్న అత్తమ్మా. ఎవ్వరికీ చెప్పలే" అంది. వసుమతి పేరు అడగలేదు. ప్రణవి అడుగులు వేగమయ్యాయి, మాటకు అందనంత వేగం, వసుమతి చెయ్యి చాపి ఆపబోయి ఊరుకుంది, కాసేపటికి ఆ అడుగులు వాటంతట అవే నెమ్మదించాయి. గాలికి ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళు. ఆ నీళ్ళు దేనివో ఎవరూ ఎవరినీ అడగనక్కర్లేని చోటు ఆ నది ఒడ్డు. చలి ముదిరాక మాల్‌లో నడిచారు, తెరవని దుకాణాల అద్దాల ముందు నుంచి, ఒకరి పక్కన ఒకరు. పక్క ఫ్లాట్ త్రివేణి ఎదురై, "ఆంటీ, మీరు అత్తగారా, ట్రైనరా?" అని నవ్వింది. ప్రణవి కూడా నవ్వింది, ఆ నవ్వు అద్దంలో కనబడింది.

వరండాలో అడుగుల చప్పుడు. వసుమతి గబుక్కున తలెత్తింది. నిశాంత్. గడప దగ్గరే ఆగిపోయాడు, ముఖం పాలిపోయి ఉంది. "అమ్మా, రక్తం ఎక్కిస్తున్నారు. ఇంకా టైమ్ పడుతుందట." "నువ్వు అక్కడే ఉండు" అంది వసుమతి. "పాపో?" "పాపకు నేనున్నాను, వెళ్ళు." గొంతు గ్రౌండులో పలికినట్టే పలికింది, ఎలా పలికిందో ఆవిడకే తెలియదు. వాడు వెళ్ళిపోయాడు. పాపను ఇంకా దగ్గరికి హత్తుకుంది. బరువుగా ఉంది, చేతుల నిండా ఉంది. ఈ బరువంతా ఒక సన్నటి గోడ దాటి వచ్చింది. ఈ బుగ్గలు, ఈ గోళ్ళు, తల మీద ఈ తడి జుట్టు, ప్రతి ముక్కా వాళ్ళమ్మ నెత్తుట్లోంచి వెళ్ళినదే. మోసినది లోపల ఇంకా పట్టు వదలకుండా ఉంది. వదులమ్మా, నీ పని అయిపోయింది, బిడ్డ బయటికొచ్చేసింది, చూడు నా చేతుల్లో ఉంది, ఇక వదిలెయ్. ఎవరితో మాట్లాడుతున్నట్టు తను? దేవుడితో కాదు. మాయతో.

వదినగారికి, ప్రణవి తల్లికి, ఫోను చెయ్యాలా? ఏమని చెయ్యాలి? ఎనిమిదో నెలలో ఆవిడ అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. ఆ సాయంత్రం నడిచి వచ్చాక కడుపులో పాప ఎప్పటిలా కదల్లేదు. ప్రణవి ఎడమవైపు తిరిగి పడుకుంది, చల్లటి నీళ్ళు తాగింది, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఎదురుచూసింది, ఆ తర్వాత ముగ్గురూ కారెక్కి ఇదే హాస్పిటల్‌కి వచ్చారు. పొట్టకు పట్టీలు కట్టారు, గుండె వినిపించింది, గుర్రం పరుగెత్తినట్టు వినిపించింది, పాప నిద్రపోయింది, అంతే, వచ్చి మంచి పని చేశారు అన్నారు. ఇంటికి రాగానే ఉమామహేశ్వరి ఫోను. "వదినగారూ, మీకు దండం పెడ్త. దాన్ని నడిపియ్యకుండ్రి. ఒక్కసారి పోయింది సాలదా?" వసుమతికి కోపం రాలేదు. ఆ గొంతులో ఉన్నది తన గొంతులోనూ ఉంది, ఆవిడ బయటికి అన్నది, అంతే తేడా. "సరే వదినగారూ" అంది. తన బూట్లు తీసి అలమారలో వెనక్కి తోసేసింది. టీచరుకు కూడా ఓటమి ఒప్పుకునే రోజు ఒకటుంటుంది అనుకుని పడుకుంది. పొద్దున తలుపు దగ్గర చప్పుడైతే లేచి వచ్చి చూసింది. ప్రణవి స్టూలు మీద కూర్చుని ఉంది, ఒక కాలికి బూటు, రెండో బూటు చేతిలో.

"లేస్ కడ్తరా అత్తమ్మా? నాకు అందుతలేదు."

"వద్దులే అమ్మాయ్. ఇవాళ వద్దు."

"అమ్మతోని నేను మాట్లాడిన. కదలకపోతే చూపించుకోవాలె, చూపించుకున్నం. డాక్టర్ మంచిగుందన్నది. నాకు ఇప్పటికీ భయమే అత్తమ్మా. కానీ పోదాం."

వసుమతి కింద కూర్చుని ఆ బూటు తొడిగింది, లేసు కట్టింది, ముడి బిగించి, అలమారలోకి తోసేసిన తన బూట్లు తీసుకుంది. ప్రతి బ్యాచ్‌లోనూ ఒక పిల్ల ఉంటుంది, నిన్న చిత్తుగా ఓడి, ఇవాళ అందరికంటే ముందు గ్రౌండుకొచ్చి సున్నం గీతలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకునే పిల్ల. అలాంటి పిల్లలకు నేర్పడానికి ఏమీ ఉండదు, పక్కన నిలబడటమే. ఆ రోజు నుంచి నడిపించింది తను కాదు. ముందు నడిచింది ప్రణవి, వెనక తను. ఇవాళ పొద్దున నొప్పులు వచ్చినప్పుడు కూడా అంతే, మంచం దిగి నిలబడి, నిశాంత్ మెడ పట్టుకుని ఊగుతూ, నొప్పి వస్తుంటే కళ్ళు మూసుకుని, పోతుంటే తెరిచి, ఇంకోటి వచ్చేలోగా నీళ్ళు తాగి. అరిచింది, బూతు కూడా ఒకటి తిట్టింది, మారిసెల్‌కి అర్థం కాలేదు కాబట్టి సరిపోయింది. చివరికి పాప తల కనబడుతుంటే అంత అలసటలోనూ కిందికి చెయ్యి చాపి తాకింది. అంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చింది ఆ పిల్లకు? నడిచి నడిచి వచ్చిందా? లోపలే ఉంటే నడక దారి చూపించిందా? ఏదైతేనేం. అది ఉన్న మనిషి తిరిగి రావాలి.

ఎండ మంచం లేని ఖాళీ నేల మీదికి జరిగింది. మారిసెల్ ఫోను ఎత్తింది, వింది, పెట్టేసింది, ఆవిడ భుజాలు దిగాయి. వసుమతి ఆ భుజాలు చూసింది. అంతలోనే తలుపు తెరుచుకుంది, అదితి, మాస్క్ గడ్డం కిందికి లాగి, జుట్టు టోపీలోంచి చెదిరి.

"ఆంటీ. వచ్చేసింది. బ్లీడింగ్ ఆగింది. యూటరస్ సేఫ్. ప్రణవి సేఫ్."

వసుమతి లేవబోయి మళ్ళీ కుర్చీలోనే కూర్చుంది. చేతుల్లో పాప ఉంది గనక ముఖం కప్పుకోవడానికి కూడా లేదు, అలాగే ఏడ్చింది, పాప దుప్పటి మీద చుక్కలు పడేలా. ఏడుపు మధ్యలోనే ఇందాకటి నుంచి గొంతులో ఉన్నది బయటికొచ్చింది. "అంత గట్టిగా పట్టుకుంది... మేం నడవడం వల్లనా అమ్మా? నేను నడిపించబట్టేనా?"

అదితి వచ్చి కుర్చీ పక్కన కింద కూర్చుంది. "నో ఆంటీ. అస్సలు కాదు. పోయినసారి లోపల క్లీన్ చేశాము కదా, అక్కడ స్కార్ ఉంది. ఆ ప్లేస్‌లో స్టిక్ అయింది. మీరు నడిచినా, నడవకపోయినా అవుతుంది." ఆగి, వేళ్ళతో కళ్ళు రుద్దుకుంది, ఆ పిల్ల కూడా భయపడిందని వసుమతికి అప్పుడు తెలిసింది. "ఇంకోటి చెప్తాను. ప్లాసెంటా చాలా బాగుంది. నిజంగా. వాకింగ్ వల్లే అని నేను చెప్పలేను, ఒక్క ప్లాసెంటా చూసి ఎవరూ చెప్పలేరు. కానీ బేబీని చూడు... చూడండి. దానికి ఏం తక్కువ అవ్వలేదు."

కాసేపటికి మంచం తిరిగొచ్చింది. ప్రణవి పెదాలు తెల్లగా ఉన్నాయి, ఒక చేతికి పైనున్న సంచీలోంచి రక్తం ఎక్కుతోంది, నిశాంత్ రెండో చేతిని వదల్లేదు. వసుమతి పాపను తీసుకుని దగ్గరికి వెళ్ళింది. ప్రణవి పాపను చూసి నవ్వింది, వేలితో బుగ్గ తాకింది, ఆ తర్వాత తల తిప్పి, "డాక్టర్, ఏది అది?" అంది. "బేబీయా?" అంది అదితి అయోమయంగా. "బేబీ కనిపిస్తుంది కదా. అది. పడేసిన్రా?" లేదంది అదితి. మాయను ల్యాబ్‌కి పంపాలి, ఇంకా పంపలేదంది. వెళ్ళి బేసిన్ తెచ్చింది, మీద నీలం గుడ్డ. ప్రణవి తలగడ ఎత్తు పెంచమంది. గుడ్డ తీశారు.

వసుమతి చూడగలనో లేనో అనుకుంది. చూశాక చూపు తిప్పుకోలేకపోయింది. ఒక పళ్ళెమంత ఉంది, మందంగా, నిండుగా. పైవైపు నేరేడుపండు నిగనిగ, దాని మధ్యలోంచి మెలితిరిగిన తాడు, తాడు మొదట్లోంచి నలుదిక్కులా పాకిన నాళాలు, లావువి చీలి సన్నవై, సన్నవి చీలి ఇంకా సన్నవై, ఆముదపాకు వెనకవైపు ఈనెల్లా, కంటికి అందనంత దాకా. అదితి చేతి తొడుగుతో మెల్లగా తిప్పి రెండోవైపు చూపించింది. ఎర్రగా, గడ్డలు గడ్డలుగా, దున్నిన నేలలా ఉంది. "ఇక్కడ నిన్ను పట్టుకుంది" అంది ప్రణవితో. ఒక మూల చిరిగి ఉంది, ఆ ముక్క విడిగా వచ్చిందట, దాన్ని పక్కనే పెట్టారు. అందంగా ఉందని ఎవరైనా అంటారా ఇలాంటిదాన్ని? ఇంత పనితనం ఎవరికీ కనబడని చీకట్లో జరిగింది, ప్రణవి లాప్‌టాప్ ముందు కూర్చున్నప్పుడు, నిద్రపోయినప్పుడు, నది ఒడ్డున ఏడుస్తూ నడిచినప్పుడు, ఒక్క పూట సెలవు లేకుండా. ఆ స్టాఫ్ రూము పటం గీసినవాడు దీన్ని ఎలా వదిలేశాడు?

ప్రణవి నిశాంత్ చేతిలోంచి తన చెయ్యి విడిపించుకుంది. మారిసెల్ ఇచ్చిన తొడుగు వేసుకుని, వేలితో ఒక నాళం వెంట చివరిదాకా గీత గీసినట్టు వెళ్ళింది.

"ఇదంతా నేనే చేసిన్నా?" అంది.

"నువ్వూ, బేబీ. ఇద్దరూ కలిసి" అంది అదితి.

ప్రణవి వేలు ఇంకో నాళం మీదికి జరిగింది. నిశాంత్ ఏదో అనబోతే వసుమతి కళ్ళతోనే వారించింది. రెండేళ్ళుగా ఆ పిల్ల తన ఒంటితో మాట్లాడలేదు, ఇప్పుడు మాట్లాడుకుంటోంది, అడ్డు రాకూడదు.

వసుమతి చేతుల్లో పాప కదిలింది. పెదాలు చప్పరించింది, తల అటూ ఇటూ తిప్పి దేనికోసమో వెతికింది, దొరకలేదు. ముఖం ముడుచుకుంది. ఇన్నాళ్ళూ అడగకముందే అన్నీ అందాయి దానికి, అందించినది బేసిన్‌లో చల్లబడుతోంది, ఇక మీదట ఏం కావాలన్నా అడగాలి. పాప అడిగింది, గదంతా అదిరిపోయేలా.

"ఇటియ్యుండ్రి అత్తమ్మా" అంది ప్రణవి, తొడుగు తీసేసి చేతులు చాపుతూ.